పది వాట్ల వాల్వు ఆంప్లిఫయర్‌తో సబ్‌వూఫర్ నడుస్తుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాను. మా తాతగారి వాల్వు రేడియో ఒకటి అటక మీద ఉంది. అందులో ఈఎల్84 వాల్వు (ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజు గొట్టం) ఇంకా పనిచేస్తోంది. ఇంట్లో పాత సినిమా పాటలు వినడానికి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్, రెండు చిన్న స్పీకర్లు ఉన్నాయి. పాట బాగానే ఉంటుంది కానీ కింద బేస్ చాలడం లేదు. తాతగారి వాల్వుతో ఐదు వాట్ల ఆంప్లిఫయర్ కట్టి, 12 అంగుళాల సబ్‌వూఫర్‌ని నడపాలని నా కోరిక. కార్లలో పెట్టే 1000 వాట్ల వూఫర్ కొందామని చూస్తున్నాను. మా ఊళ్ళో సౌండ్ సర్వీస్ నడిపే అన్న, ‘ఐదు వాట్లకి దాని కోన్ కూడా కదలదు, డబ్బు తగలేసుకోకు’ అంటున్నాడు. ఇంకో మిత్రుడు వాల్వు బేస్‌కి సాటి లేదంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మా వైపు ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. వాల్వులకి కావాల్సిన 300 వోల్టులంటే మా ఆవిడకి టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం: కట్టండి. నడుస్తుంది. కానీ ఒక్క వాల్వుతో కాదు, ఆ కారు వూఫర్‌తో అసలే కాదు. మీరు వాల్వు దగ్గర మొదలుపెట్టి స్పీకర్ దాకా వచ్చారు. సబ్‌వూఫర్ విషయంలో దారి ఇటు నుంచి అటు. ముందు స్పీకర్, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము, ఆఖరున వాల్వు. మొదటి రెండూ సరిగ్గా కుదిరితే, రెండు వాల్వులతో వచ్చే పది వాట్లు మీ గదికి నిండుగా సరిపోతాయి. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన వాల్వు పెట్టినా ఫలితం ఉండదు.

మీ సౌండ్ సర్వీస్ అన్న మాట ఆయన చేసే పనికి నిజమే. మీ ఊరి మజ్జిగౌరమ్మ చైత్ర జాతరలో, ఆరుబయట, వేలమంది మధ్య బేస్ వినిపించాలంటే వేల వాట్లు కావాలి. మీది పన్నెండడుగుల గది, వినేది ముగ్గురు. ఈ రెండు చోట్లకీ ఒకే లెక్క పనికిరాదు.

కారు వూఫర్ మీద వేసిన 1000 వాట్ల సంగతి ముందు చూద్దాం. అది ఆ వూఫర్ ఇచ్చే శబ్దం కాదు, కాలిపోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె. అదీ చాలాసార్లు ఒక్క క్షణానికి తట్టుకునే పీక్ విలువ. మీరు చూడాల్సింది దాని కాగితంలో సెన్సిటివిటీ అని రాసిన అంకె. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నదే అది. కారు సబ్‌వూఫర్లకి ఇది మామూలుగా 84 నుంచి 87 ఉంటుంది. ఊరేగింపు బాక్సుల్లో వాడే 12 అంగుళాల పీఏ వూఫర్లకి 95 నుంచి 97 దాకా ఉంటుంది. పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్లు పవర్ తేడా. 86 డెసిబెల్స్ వూఫర్ 100 వాట్లు తీసుకుని చేసే శబ్దాన్ని 96 డెసిబెల్స్ వూఫర్ 10 వాట్లతోనే చేసేస్తుంది. మీరు కట్టబోయే ఆంప్లిఫయర్ భవిష్యత్తు ఈ ఒక్క అంకెలో ఉంది.

కారు వూఫర్ అలా ఉండడానికి కారణం ఉంది. డిక్కీలో చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రావాలని దాని కోన్‌ని కావాలనే బరువుగా చేస్తారు. స్పీకర్ల ప్రపంచంలో హాఫ్‌మన్ ఉక్కు నియమం అని ఒకటి ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ అనే మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. కారువాళ్ళు సెన్సిటివిటీని వదులుకుని పెద్ద ఆంప్లిఫయర్ పెట్టుకుంటారు. మన చేతిలో పది వాట్లే ఉన్నాయి కాబట్టి మనం చిన్న పెట్టెని, అట్టడుగు బేస్‌ని వదులుకుందాం. పాత సినిమా పాటలకి ఇది పెద్ద నష్టం కాదు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 కంపనలు. డోలక్, తబలా బాయా దెబ్బలో మనకి నిండుగా వినిపించే భాగం అంతకన్నా పైనే ఉంటుంది. సినిమా పేలుళ్ళలో వచ్చే 20, 25 హెర్ట్జ్ కావాలంటే మాత్రం ఈ దారి వద్దు, ట్రాన్సిస్టర్ సబ్‌వూఫర్ కొనుక్కోండి.

కాబట్టి ఆ అన్ననే అడిగి ఒక 12 అంగుళాల పీఏ వూఫర్ సంపాదించండి. ఎనిమిది ఓములది, రెజొనెన్స్ (కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) 50 హెర్ట్జ్ దగ్గర ఉన్నది, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.4 లోపు ఉన్నది చూడండి. రీకోనింగ్ చేసినదైతే, అంటే కోన్ మార్చి బాగుచేసినదైతే, కోన్‌ని రెండు చేతులతో మెల్లగా లోపలికి నొక్కి వదలండి. వాయిస్ కాయిల్ ఎక్కడా గీసుకుంటున్న చప్పుడు రాకూడదు. పెట్టెని 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైతో చేయించండి. ఎండీఎఫ్ చవకే కానీ మీ వైపు వానాకాలంలో అంచులు ఉబ్బిపోతాయి. లోపలి కొలత 16, 16, 17 అంగుళాలు ఉంటే ఇంచుమించు 70 లీటర్లు వస్తుంది. పూర్తిగా మూసేయండి, పోర్టు (గాలి రంధ్రం) పెట్టకండి. లోపల బూరుగు దూది వదులుగా నింపండి. పోర్టు ఎందుకు వద్దో కింద చెబుతాను.

ఈ పెట్టెలో ఆ వూఫర్ 70 హెర్ట్జ్ దాటి కిందికి వస్తున్నకొద్దీ శబ్దం తగ్గుతుంది. 45 దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది పది డెసిబెల్స్ పడిపోతుంది. కంగారు పడకండి. మీ చిన్న స్పీకర్ల సెన్సిటివిటీ 86 చుట్టుపక్కల ఉంటుంది, ఈ వూఫర్‌ది 96. తొమ్మిది పోయినా వాటితో సమానంగానే ఉంది. పైన మిగిలిన ఎక్కువ శబ్దాన్ని ఫిల్టర్‌తో కోసేస్తే చాలు. గది మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి కింది స్వరాలకి ఇంకాస్త బలం ఇస్తాయి.

ఇక అసలు విషయం, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు ఇచ్చే ఎక్కువ వోల్టేజీని స్పీకర్‌కి తగ్గట్టు దించేది ఇదే. వాల్వు వైపు వైండింగ్ ప్రైమరీ, స్పీకర్ వైపుది సెకండరీ. దీని దగ్గర కొంచెం ఓపికగా చదవండి, మీ ప్రాజెక్టు గెలుపోటములు ఇక్కడే తేలతాయి.

ఒక్క ఈఎల్84తో కట్టే సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫయర్‌లో ఇంచుమించు 48 మిల్లీయాంపుల డీసీ కరెంటు ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలోంచి పోతూ ఉంటుంది. పాట లేకపోయినా కోర్ సగం అయస్కాంతంగా మారిపోయి ఉంటుంది. అందుకని కోర్‌లో గాలి సందు వదలాలి. సందు వదిలితే ఇండక్టెన్స్ (మారే కరెంటుని కాయిల్ నిలువరించే గుణం) పడిపోతుంది. ఇండక్టెన్స్ తగ్గితే ముందు పోయేది బేసే. రేడియోల్లో ఉండే చిన్న ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు 100 హెర్ట్జ్ కిందికి సరిగ్గా పలకకపోవడానికి ఇదే కారణం. రెండు వాల్వులతో పుష్-పుల్ కడితే రెండు సగాల్లో డీసీ ఎదురెదురుగా పోయి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గాలి సందు అక్కర్లేదు. పైగా పవర్ సప్లైలో మిగిలిన హమ్ కూడా చాలావరకు అలాగే రద్దవుతుంది. అందుకే సబ్‌వూఫర్‌కి పుష్-పుల్ తప్ప ఇంకోటి నేను చెప్పను. 300 వోల్టుల మీద, 8000 ఓముల లోడుతో రెండు ఈఎల్84లు పుష్-పుల్‌లో 17 వాట్లు ఇస్తాయని డేటాషీటు చెబుతుంది. అల్ట్రాలీనియర్‌గా, అంటే వాల్వు స్క్రీన్‌ని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్‌కి కలిపి కట్టుకుంటే పది, పదకొండు వాట్లు హాయిగా వస్తాయి.

ఇనుము ఎంత కావాలన్నది తర్వాతి ప్రశ్న. కోర్‌లో ఫ్లక్స్ వోల్టేజీతో పాటు పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గినా పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ సగమైతే అదే వోల్టేజీకి ఫ్లక్స్ రెట్టింపు. అంటే 50 హెర్ట్జ్ దగ్గర 10 వాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్, 25 దగ్గరకి వచ్చేసరికి రెండున్నర వాట్లే మోస్తుంది. అంతకు మించితే కోర్ సాచురేట్ అయి బేస్ బదులు బర్రుమనే చప్పుడు వస్తుంది. ఆన్‌లైన్‌లో ‘10 వాట్లు’ అని అమ్మే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఆ పది వాట్లు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరో రాయరు. రాయకపోతే కొనకండి.

కొనడం కన్నా చుట్టించడమే మేలు. మీ ఊళ్ళోనే స్టెబిలైజర్లు, మోటార్లు రివైండ్ చేసే షాపు ఉంటుంది. అక్కడ కుదరకపోతే విజయనగరమో విశాఖపట్నమో, అటు పర్లాకిమిడో బరంపురమో వెళ్ళండి. మీరు విజయనగరం–రాయ్‌పూర్ రైలు లైను మీదే ఉన్నారు కాబట్టి రాకపోకలు కష్టం కాదు. మేస్త్రీకి ‘హైఫై ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, 8000 ఓములు’ అని చెబితే నా వల్ల కాదు పొమ్మంటాడు. అతని భాషలో చెప్పండి.

వాళ్ళ లెక్క ఇలా ఉంటుంది: కోర్ విస్తీర్ణం చదరపు సెంటీమీటర్లలో తీసుకుని, 45ని దానితో భాగిస్తే వోల్టుకి ఎన్ని చుట్లో వస్తుంది. మధ్య నాలుక వెడల్పు 32 మిల్లీమీటర్లు, పేర్చిన మందం కూడా 32 మిల్లీమీటర్లు ఉన్న సీఆర్‌జీఓ స్టాంపింగ్ (ట్రాన్స్‌ఫార్మర్ కోర్ కోసం కోసిన ఉక్కు రేకులు) తీసుకుంటే విస్తీర్ణం 10 చదరపు సెంటీమీటర్లు, వోల్టుకి నాలుగున్నర చుట్లు. ఆ లెక్క 50 హెర్ట్జ్ కరెంటుకి. మనకి 25 దాకా కావాలి కాబట్టి వోల్టుకి 9 చుట్లు వేయమనండి. పది వాట్లకి 8000 ఓముల మీద వచ్చే వోల్టేజీ 283. తొమ్మిదితో గుణిస్తే ఇంచుమించు 2550 చుట్లు. 34 గేజి వైరుతో 1275 చుట్ల చొప్పున రెండు సగాలు. ఒక్కో సగంలో మధ్య నుంచి 550వ చుట్టు దగ్గర ఒక ట్యాపింగ్ బయటికి తీయించండి, అల్ట్రాలీనియర్ స్క్రీన్ కోసం అది. ఎనిమిది ఓముల సెకండరీకి 20 గేజి వైరుతో 81 చుట్లు. మొదట ప్రైమరీ ఒక సగం, దాని మీద సెకండరీ, ఆ పైన ప్రైమరీ రెండో సగం. పొర పొరకీ మధ్య కాగితం, ప్రైమరీకి సెకండరీకి మధ్య రెండు మూడు పొరల మైలార్.

మంచి మేస్త్రీ చుడుతుంటే పక్కన కూర్చుని చూడండి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వైరు జారుతూ ఉంటుంది, కుడిచేత్తో హ్యాండిల్ తిరుగుతూ ఉంటుంది, కళ్ళు మాత్రం కౌంటర్ మీద. పొర అంచుకి వచ్చేసరికి వైరు కింది పొరలోకి జారిపోకుండా కాగితం అంచుని చిన్న చిన్న కత్తిరింపులు పెట్టి మడుస్తాడు. ఆ మడత వేసే మనిషి దొరికితే వదులుకోకండి. 300 వోల్టుల మీద పొరలు జారిన ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ కాలం బతకదు. స్టాంపింగ్ పెట్టేటప్పుడు ‘E’ ఆకారపు పట్టీలు ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి, మార్చి మార్చి దూర్చమనండి. స్టెబిలైజర్‌కి మామూలుగా అలాగే చేస్తారు. చివర వార్నిష్‌లో ముంచి బాగా ఎండనివ్వాలి. వానాకాలంలో అయితే బల్బు పెట్టెలో ఎండబెట్టించండి.

ఇంకో మంచి విషయం చెబుతాను. మామూలు హైఫై ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం కష్టమనేది పై ఫ్రీక్వెన్సీల కోసం. 20,000 హెర్ట్జ్ దాకా పలకాలంటే వైండింగ్‌ని చాలా ముక్కలుగా విడగొట్టి ఒకదానిలో ఒకటి కలపాలి. మనది 100 హెర్ట్జ్ దాటదు. ఆ బాధ ఏదీ లేదు. ఇనుము, చుట్లు ఉదారంగా ఉంటే చాలు, స్టెబిలైజర్ మేస్త్రీ చేతి పనే సబ్‌వూఫర్‌కి సరిపోతుంది. మన ఊళ్ళలో ఈ పని సాధ్యం అని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

తెచ్చుకున్నాక ఇంట్లో పరీక్షించండి. సెకండరీని ఖాళీగా వదిలి, ప్రైమరీ మొత్తానికి ఫ్యూజు, ఒక కిలో ఓం రెసిస్టర్ సీరీస్‌లో పెట్టి 230 వోల్టుల మెయిన్స్ ఇవ్వండి. సెకండరీలో 7.3 వోల్టులకి అటూ ఇటూగా రావాలి, అప్పుడు చుట్ల లెక్క సరిపోయినట్టు. తర్వాత ఆ రెసిస్టర్ మీద ఏసీ వోల్టేజీ కొలవండి. 11 వోల్టులు దాటకపోతే ప్రైమరీ ఇండక్టెన్స్ 64 హెన్రీల పైన ఉన్నట్టు. 8000 ఓముల లోడుకి 20 హెర్ట్జ్ దాకా అది చాలు. 20, 30 వోల్టులు చూపిస్తే పట్టీల మధ్య సందు ఉందన్నమాట. వెనక్కి తీసుకెళ్ళి పట్టీలు మళ్ళీ బిగించి పెట్టించండి. ఈ పరీక్షలో తీగలన్నీ మెయిన్స్‌కి తగిలి ఉంటాయి కాబట్టి మీటరు క్లిప్పులు ముందే పెట్టి, తర్వాతే స్విచ్ వేయండి.

సర్క్యూట్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఒక ఈసీసీ83 (చిన్న సిగ్నల్‌ని పెంచే జంట వాల్వు), రెండు ఈఎల్84లు. ఈసీసీ83లో ఒక సగం గెయిన్‌కి, రెండో సగం సిగ్నల్‌ని రెండుగా విడదీసే ఫేజ్ స్ప్లిటర్‌కి. ఈఎల్84 ఒక్కోదానికీ విడివిడిగా 270 ఓముల క్యాథోడ్ రెసిస్టర్, దాని మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. విడివిడిగా ఎందుకంటే రెండు రెసిస్టర్ల మీద వోల్టేజీ చూసి వాల్వులు సమానంగా పనిచేస్తున్నాయో లేదో ఎప్పుడంటే అప్పుడు తెలుసుకోవచ్చు. ఒక్కోదాని మీద 10 నుంచి 11 వోల్టులు ఉండాలి. రెండింటికీ తేడా అర వోల్టు దాటకూడదు. దాటితే కోర్‌లో డీసీ మిగిలిపోయి, మీరు కష్టపడి చుట్టించిన ఇండక్టెన్స్ కరిగిపోతుంది. అందుకే మ్యాచ్ చేసిన జతనే కొనండి. స్లొవేకియా, రష్యా తయారీ ఈఎల్84లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది, వాటి పాత స్టాకు జతగా కనబడితే తీసుకోండి. తాతగారి వాల్వుని మాత్రం కొత్తదానితో జత కట్టకండి. దాన్ని ఆ రేడియోలోనే ఉంచి, రేడియోనే బాగుచేయించండి. అది మళ్ళీ పాడితే మీ నాన్నగారు ఎంత సంతోషిస్తారో!

పాత వాల్వులు కొనేటప్పుడు పేరులో మొదటి అక్షరం చూడండి. ‘ఈ’ (E) అంటే ఫిలమెంటుకి 6.3 వోల్టులు. యూఎల్84 అని ఉంటే దాని ఫిలమెంటు 45 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్స్‌కి నేరుగా తగిలించే రేడియోల కోసం చేసినది. చూడ్డానికి రెండూ ఒకటే, మనకి అది పనికిరాదు. అలాంటి రేడియోల చాసిస్ కూడా షాక్ కొడుతుంది, జాగ్రత్త.

ఫిల్టర్ ఆంప్లిఫయర్ ముందే పెట్టాలి. వాల్వుకీ వూఫర్‌కీ మధ్య పెద్ద కాయిల్ పెట్టే ఆలోచన వద్దు. ఎడమ, కుడి చానళ్ళ నుంచి ఒక్కో 82 కిలో ఓముల రెసిస్టర్ తెచ్చి ఒకచోట కలిపి, అక్కడ నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ పెడితే 39 హెర్ట్జ్ దగ్గర నుంచి పైకి తగ్గడం మొదలవుతుంది. పైన చెప్పానే, వూఫర్ కింద తగ్గేదాన్ని ఫిల్టర్ పైన తగ్గించి సరిచేయడం, అది ఇదే. దాని తర్వాత 200 కిలో ఓములు, 0.01 మైక్రోఫారడ్ ఇంకో మెట్టు. గ్రిడ్‌కి వెళ్ళే కెపాసిటర్ 0.0068, గ్రిడ్ రెసిస్టర్ ఒక మెగా ఓం పెడితే 20 హెర్ట్జ్ కిందవి తగ్గుతూ పోతాయి. వినిపించని ఆ స్వరాల కోసం కోర్‌ని సాచురేట్ చేసుకోవడం దండగ. ఈ కోత ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి తప్పులు సరిచేయడం) లూపు బయటే ఉండాలి. లోపల కెపాసిటర్లు తగ్గించి చేద్దామనుకుంటే ఆంప్లిఫయర్ పడవ ఇంజన్‌లా టప్ టప్ కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

వాల్వు బేస్‌కి సాటి లేదన్న మీ మిత్రుడి మాట గురించి. ఫీడ్‌బ్యాక్ లేని పెంటోడ్ (ఈఎల్84 ఆ రకం వాల్వే) ఆంప్లిఫయర్‌కి ఔట్‌పుట్ ఇంపిడెన్స్ చాలా ఎక్కువ. దానికి కోన్ మీద పట్టు ఉండదు. వూఫర్ తన రెజొనెన్స్ దగ్గర ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది, ఏ పాటకైనా ఒకటే బూమ్ వస్తుంది. కొందరు దాన్నే తియ్యదనం అనుకుంటారు. నా దృష్టిలో అది తియ్యదనం కాదు, డోలక్ మీద చెయ్యి పడిన చప్పుడుని చెరిపేసే దోషం. పోర్టు పెట్టె వద్దన్నది కూడా ఇందుకే, పోర్టు ఆ ఊపుని ఇంకా పెంచుతుంది. 12 డెసిబెల్స్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. తర్వాత 50 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి, ఔట్‌పుట్‌కి 100 ఓముల రెసిస్టర్ ఒక్కటే ఉన్నప్పుడు వోల్టేజీ ఎంతో, 8 ఓముల పవర్ రెసిస్టర్ కలిపినప్పుడు ఎంతో చూడండి. 1.25 వోల్టులు ఉన్నది ఒక వోల్టుకి దిగితే ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఇంచుమించు 2 ఓములు. అక్కడ ఉంటే మనం చెప్పుకున్న పెట్టెకి చక్కగా కుదురుతుంది. ఇంకా ఎక్కువ పడిపోతే ఫీడ్‌బ్యాక్ కొంచెం పెంచండి. ఆ 100 ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌ని మాత్రం శాశ్వతంగా స్పీకర్ టెర్మినళ్ళ మీదే ఉంచేయండి. స్పీకర్ వైరు ఊడిపోయి, లోడు లేకుండా పాట నడిస్తే ప్రైమరీలో వోల్టేజీ ఎగబాకి ఇన్సులేషన్ చిల్లు పడుతుంది.

హమ్ విషయంలో సబ్‌వూఫర్ నిర్దయగా ఉంటుంది. చిన్న స్పీకర్‌లో వినిపించని 50, 100 హెర్ట్జ్ హమ్ 12 అంగుళాల కోన్ మీద గదంతా నిండుతుంది. ముందున్న ఫిల్టర్ దీన్ని ఆపలేదు, ఇది ఆంప్లిఫయర్ లోపల పుట్టేది. పవర్ సప్లైలో 10 హెన్రీల చోక్, దానికి రెండు పక్కలా 47 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టండి. ఫిలమెంటు వైర్లు గట్టిగా పురి పెట్టి చాసిస్ మూలల వెంట తీసుకెళ్ళండి. గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలపండి. మీకు కరెంటు వోల్టేజీ తగ్గే సమయాలు ఉంటే ముందు స్టెబిలైజర్ పెట్టుకోండి. మెయిన్స్ 200కి పడితే ఫిలమెంటుకి అందేది ఐదున్నర వోల్టులే, అలా రోజూ నడిస్తే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద దీన్ని నడపకండి. ట్రాన్స్‌ఫార్మర్లు గుర్రుమంటాయి, ఆ గుర్రు మొత్తం వూఫర్‌లో వస్తుంది.

ఇక మీ ఆవిడ టెన్షన్. అది న్యాయమైనదే, తేలిగ్గా తీసేయకండి. 300 వోల్టుల డీసీ మనిషిని చంపగలదు. స్విచ్ కట్టేశాక కూడా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. మెయిన్స్ నుంచి విడిగా ఉండే 230 వోల్టుల సెకండరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మరే వాడండి, మెయిన్స్‌ని నేరుగా రెక్టిఫై చేయవద్దు. కెపాసిటర్ల మీద 100 కిలో ఓములు, 3 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ తప్పనిసరిగా పెట్టండి. స్విచ్ కట్టేసి ఒక నిమిషం ఆగి, మీటరుతో చూసి, పది వోల్టుల లోపు ఉంటేనే లోపల చెయ్యి పెట్టండి. పాప మెలకువగా ఉన్నప్పుడు మూత తీయకండి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు సీరీస్‌లో పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిది, అలాగే నిండుగా వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఇనుప చాసిస్ మూడు పిన్నుల ప్లగ్‌తో ఎర్త్‌కి తగలాలి. మీ ఇంట్లో ఆ ఎర్త్ నిజంగా ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

ఈఎల్84 గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. కాబట్టి పైన సన్నరంధ్రాల ఇనుప జాలీ పెట్టె చేయించి నాలుగు మూలలా బోల్టులు బిగించండి, పాప వేలు దూరనంత సన్నగా ఉండాలి. ఆంప్లిఫయర్‌ని వూఫర్ పెట్టె మీద పెట్టకండి, ఆ అదురుకి వాల్వులు గణగణమంటాయి. గోడకి ఎత్తుగా ఒక చెక్క బల్ల కొట్టించి దాని మీద ఉంచండి. స్పీకర్ వైరు ఒక్కటే కిందికి దిగుతుంది, అందులో పది వాట్ల దగ్గర కూడా తొమ్మిది వోల్టులకి మించి ఉండవు. ఈ మాట మీ ఆవిడకి చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాక ఆ కిలో ఓం మీద ఎన్ని వోల్టులు వచ్చాయో నాకు రాయండి. దాన్ని బట్టి ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ విలువ లెక్కకట్టి పంపుతాను.